అక్షాంశ రేఖాంశాలను ఏ రూపంలో రాసినా సరిగ్గా చదవడం ఎలా: తరచుగా అడిగే ప్రశ్నలు

కోఆర్డినేట్లు (ఒక చోటు అక్షాంశ రేఖాంశాలు) ఫారంలో నింపేవాళ్లకూ, ఆ ఫారం తయారుచేసేవాళ్లకూ పదే పదే వచ్చే సందేహాలివి. మనిషి తన అలవాటు ప్రకారం ఏ రూపంలో రాసినా ప్రోగ్రామ్ తీసుకోవాలి. అనుమానం వచ్చిన చోట మాత్రం తనకు తోచింది అనుకుని ముందుకు పోకుండా ఆగి అడగాలి. కింది జవాబులన్నీ ఈ పద్ధతినే పట్టుకుని రాసినవి. తప్పు రాసిన ఫోన్ నంబరుకు కాల్ వెళ్లదు, లేదా ఇంకెవరో ఎత్తుతారు కాబట్టి తప్పని వెంటనే తెలుస్తుంది. తప్పు కోఆర్డినేట్ అలా కాదు, మ్యాప్ మీద ఏదో ఒక చోట చక్కగా కూర్చుంటుంది. ఎవరో ఆ చోటికి వెళ్లేదాకా సంగతి బయటపడదు.

దిక్కులకు వాడే ఇంగ్లీషు పొడి అక్షరాలను ఈ పేజీలో ఎన్ (ఉత్తరం), ఎస్ (దక్షిణం), ఈ (తూర్పు), డబ్ల్యూ (పడమర) అని రాశాం.

ఒకే చోటుకు ఇన్ని రకాల రాతలు ఎందుకున్నాయి?

వృత్తాన్ని 360 డిగ్రీలుగా, డిగ్రీని 60 నిమిషాలుగా, నిమిషాన్ని 60 సెకన్లుగా విడగొట్టడం బాబిలోనియా వాళ్ల అరవై లెక్క నుంచి వచ్చింది. కాగితం మ్యాపులూ, సర్వే పత్రాలూ ఇప్పటికీ దాన్ని వదల్లేదు. ఓడల మీద సెకన్ల కంటే నిమిషాల్లోనే దశాంశాలు రాయడం అలవాటు. అక్షాంశంలో ఒక నిమిషం దూరం దాదాపు ఒక నాటికల్ మైలు కాబట్టి వాళ్లకు లెక్క తేలిక. 1929లో ఆ మైలును సరిగ్గా 1,852 మీటర్లని ఖాయం చేశారు. కంప్యూటర్‌కు మాత్రం ఒక్క సంఖ్య ఉంటే చాలు, అందుకని దశాంశ డిగ్రీలు వచ్చాయి.

పారిస్‌లోని ఐఫిల్ టవర్‌ను మూడు పద్ధతుల్లో రాస్తే ఇలా ఉంటుంది:

48.8584, 2.2945
48° 51.504′ ఎన్, 2° 17.670′ ఈ
48° 51′ 30.2″ ఎన్, 2° 17′ 40.2″ ఈ

మొదటిది దశాంశ డిగ్రీలు. రెండోది డిగ్రీలు, దశాంశ నిమిషాలు. మూడోది డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు. మూడూ ఒకే చోటును చూపిస్తాయి.

నా దగ్గరున్నది ఏ రూపమో ఎలా గుర్తుపట్టాలి?

ఒక్కో విలువలో ఎన్ని సంఖ్యలున్నాయో లెక్కపెట్టండి. ఒకటే ఉంటే దశాంశ డిగ్రీలు, రెండుంటే నిమిషాల రూపం, మూడుంటే సెకన్ల రూపం. దశాంశం చివరి సంఖ్యకే ఉండాలి. 48.5° 51.2′ లాంటిది కనిపిస్తే దాన్ని లెక్కకట్టకండి, ఎక్కడో రెండు రాతలు కలిసిపోయాయన్నమాట. అలాగే నిమిషాలైనా సెకన్లైనా 60, అంతకు మించి ఉంటే అది తప్పు రాత.

ఈ సూత్రానికి లొంగనివి రెండున్నాయి: జీపీఎస్ పరికరాల నుంచి నేరుగానూ, విమానయానంలోనూ వచ్చే అతుకు రాత, చుక్కలతో కలిపి రాసే పాత పొడి రాత. రెండింటి గురించీ కింద విడిగా ఉంది.

చేత్తో మార్చుకోవాలంటే?

నిమిషాలను 60తో, సెకన్లను 3,600తో భాగించి డిగ్రీలకు కలపండి. 48 + 51/60 + 30.24/3600 = 48.8584. వెనక్కి వెళ్లాలంటే దశాంశ భాగాన్ని 60తో గుణించండి, వచ్చిన పూర్ణసంఖ్య నిమిషాలు. మిగిలిన దశాంశాన్ని మళ్లీ 60తో గుణిస్తే సెకన్లు.

దక్షిణ, పశ్చిమ అర్ధగోళాల్లో లెక్క ఎందుకు తప్పుతోంది?

కోఆర్డినేట్లు చదివే ప్రోగ్రాముల్లో నేను అన్నిటికంటే ముందు పరీక్షించేది ఇదే. ఉత్తరం, తూర్పు ప్లస్. దక్షిణం, పడమర మైనస్. ఇది అందరికీ తెలుసు. మైనస్‌ను ఎక్కడ పెట్టాలన్న దగ్గరే పొరపాటు జరుగుతుంది.

సిడ్నీ ఒపెరా హౌస్ అక్షాంశం 33° 51′ 24.5″ ఎస్. ఒకరు దీన్ని -33° 51′ 24.5″ అని రాశారనుకోండి. ప్రోగ్రామ్ -33ని తీసుకుని, దానికి 51 నిమిషాలను, 24.5 సెకన్లను కలిపితే -32.1432 వస్తుంది. రావాల్సింది -33.8568. మైనస్ డిగ్రీలకే కాదు, మొత్తం విలువకు వర్తిస్తుంది. ఆ చిన్న పొరపాటుతో బిందువు దాదాపు 190 కిలోమీటర్లు ఉత్తరానికి జరిగిపోతుంది. గుర్తును ముందే పక్కన పెట్టి, మూడు సంఖ్యలనూ ప్లస్‌గానే కలిపి, ఆఖర్న మొత్తానికి గుర్తు తగిలించడం ఒక్కటే భద్రమైన దారి.

దీనికి ఇంకో ముఖం ఉంది. లండన్ నడిబొడ్డు రేఖాంశం 0° 7′ 39″ డబ్ల్యూ. దాన్ని -0° 7′ 39″ అని రాస్తే, ప్రోగ్రామ్ "-0"ను పూర్ణసంఖ్యగా మార్చగానే మైనస్ మాయమవుతుంది, ఎందుకంటే పూర్ణసంఖ్యల్లో మైనస్ సున్నా, సున్నా ఒకటే. బిందువు గ్రీనిచ్ రేఖకు (సున్నా రేఖాంశానికి) అటుపక్కకు దూకుతుంది. కాబట్టి డిగ్రీల సంఖ్య సున్నా కంటే చిన్నదా అని చూడకూడదు, రాసిన అక్షరాల్లో మైనస్ ఉందా అని చూడాలి. గ్రీనిచ్ రేఖ, భూమధ్యరేఖల పక్కనున్న డేటాతో పరీక్షించని ప్రోగ్రామును నమ్మకండి. మిగతా ప్రపంచమంతటా అది సరిగ్గానే పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది.

మైనస్‌తో పాటు అక్షరం కూడా రాస్తే?

-33.8568 ఎస్ అని రాసినవాళ్లు దక్షిణమనే చెబుతున్నారని దాదాపు ఖాయం. కానీ మైనస్ దక్షిణం అంటే ఉత్తరమని లెక్కవేసే ప్రోగ్రాములున్నాయి. -33.8568 ఎన్ అయితే రెండూ ఒకదానికొకటి ఎదురు, ఏది నిజమో ఊహించలేం. నా సలహా: రెండూ కలిసి వచ్చినప్పుడల్లా ఆపి, "గుర్తు గానీ అక్షరం గానీ ఏదో ఒకటే ఉంచండి" అని చెప్పండి. రాసినవాళ్లకు ఒక్క క్షణం పని, డేటాకు జీవితకాలం భద్రత.

ఎన్, ఎస్, ఈ, డబ్ల్యూ కాకుండా వేరే అక్షరాలు రాసేవాళ్ల సంగతి?

ఇక్కడ జాగ్రత్తగా ఉండాల్సిన అక్షరం ఒకటుంది. జర్మన్ వాళ్లు తూర్పును ఓస్ట్ అంటారు, పొడిగా ఓ అని రాస్తారు. ఫ్రెంచ్‌లో పడమర వెస్ట్ కాదు, ఉయెస్ట్. రాతలో అదీ ఓ తోనే మొదలవుతుంది. స్పానిష్, ఇటాలియన్ భాషల్లోనూ పడమరకు అదే అక్షరం. అంటే ఒకే ఓ ఒక పత్రంలో తూర్పు, ఇంకో పత్రంలో పడమర. పత్రం ఏ భాషదో తెలియకుండా ఆ అక్షరాన్ని ప్రోగ్రామ్ తనంతట తాను తేల్చకూడదు. చేతిరాతలో, స్కాన్ చేసిన పేజీల్లో అదే అక్షరం సున్నాలా కూడా కనిపిస్తుంది.

తెలుగులో ఉ, ద, తూ, ప అని రాసినవాటిని తీసుకోవడంలో ఏ ఇబ్బందీ లేదు, వాటికి వేరే అర్థం రాదు. ఉత్తర, దక్షిణ, తూర్పు, పడమర, పశ్చిమ అని పూర్తిగా రాసినా తీసుకోండి. తెలుగు అంకెలు రాస్తే? ప్రోగ్రామింగ్ భాషల్లో పైథాన్ ౪౮.౮౫౮౪ను నేరుగా సంఖ్యగా చదువుతుంది. జావాస్క్రిప్ట్ చదవదు, ముందే మామూలు అంకెల్లోకి మార్చుకోవాలి.

అక్షరం ముందు రాసినా వెనక రాసినా తీసుకోవాలి. మధ్యలో రాసే అలవాటూ ఉంది: 48ఎన్51.504, 2ఈ17.670. ఇందులో రెండోదాన్ని ఇంగ్లీషు అక్షరంతో అజాగ్రత్తగా రాసిన ప్రోగ్రాముకిస్తే ప్రమాదమే. సంఖ్యల మధ్యలో వచ్చే ఆ అక్షరానికి "పది ఘాతం" అనే అర్థం కూడా ఉంది కదా, 2 పక్కన పదిహేడు సున్నాలున్న సంఖ్య పుట్టుకొస్తుంది.

అక్షాంశం ముందా, రేఖాంశం ముందా?

మనుషులు మాట్లాడుకునేటప్పుడు అక్షాంశమే ముందు. అక్షాంశ రేఖాంశాలు రాసే తీరును చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6709 కూడా అదే చెబుతుంది. గూగుల్ మ్యాప్స్ వెతుకు పెట్టె, వెబ్ పేజీల్లో మ్యాపులు చూపే లీఫ్‌లెట్ లైబ్రరీ, చోటును లింకుగా రాయడానికి 2010లో వచ్చిన జియో లింకుల పద్ధతి అన్నీ అక్షాంశాన్నే ముందు పెడతాయి.

గణితంలో అడ్డం ముందు, నిలువు తర్వాత. మ్యాప్ మీద అడ్డంగా కదిలేది రేఖాంశం. అందుకని మ్యాప్ డేటా రాసే జియోజేసన్, కేఎంఎల్ పద్ధతులు, మ్యాప్‌బాక్స్ అనే మ్యాపుల సేవ వంటివి రేఖాంశాన్ని ముందు రాస్తాయి. 2016 ఆగస్టులో వచ్చిన జియోజేసన్ ప్రమాణంలో ఈ వరుస స్పష్టంగా ఉంది. రెండు వర్గాలదీ తప్పు కాదు. ఇటు నుంచి అటు డేటా దాటే చోట మాత్రం ఎవరో ఒకరు తిప్పడం మరిచిపోతుంటారు.

తిరగబడిందని ఎప్పుడు తెలుస్తుంది? అక్షాంశం 90 దాటదు కాబట్టి సిడ్నీ రేఖాంశం 151.2153 అక్షాంశం గడిలో పడితే వెంటనే దొరికిపోతుంది. ఐఫిల్ టవర్ దొరకదు. 2.2945, 48.8584 పూర్తిగా చెల్లే కోఆర్డినేట్. సోమాలియాకు తూర్పున హిందూ మహాసముద్రంలో ఉంటుంది. న్యూయార్క్‌లోని స్వేచ్ఛా విగ్రహం 40.6892, -74.0445ను తిప్పేస్తే అంటార్కిటికాలో తేలుతుంది. పరిధి చూసి ఊరుకుంటే ఇవేవీ పట్టుబడవు. డేటా ఏ దేశానిదో తెలిస్తే ఆ దేశం చుట్టూ ఒక చతురస్రం గీసి బయట పడ్డవాటిని ఏరండి. ఏరినవి తిరగేస్తే లోపలికి వస్తున్నాయంటే కారణం తెలిసినట్టే. అప్పుడు కూడా "తిప్పమంటారా?" అని అడిగి తిప్పండి.

ఫారంలో ఒకే గడి కంటే పేర్లు రాసిన రెండు గడులు మేలు. కానీ రెండూ ఉన్న ముక్కను ఎవరైనా మొదటి గడిలో పేస్ట్ చేస్తే దాన్ని విడగొట్టి రెండింట్లో నింపే తెలివి ఆ ఫారానికి ఉండాలి. జనం కోఆర్డినేట్లు టైప్ చేయడం తక్కువ, మ్యాప్ నుంచి కాపీ చేసుకోవడమే ఎక్కువ.

పాత జాబితాలో 48.5130 అని ఉంది. ఇది దశాంశమేనా?

ఈ ఒక్క ముక్క చూసి చెప్పలేం. దశాంశ డిగ్రీలు కావచ్చు. 48 డిగ్రీల 51 నిమిషాల 30 సెకన్లను ఎవరో తొందరలో చుక్క పెట్టి కలిపేసిందీ కావచ్చు. రెండింటికీ మధ్య తేడా 38 కిలోమీటర్లు.

ఒంటరి విలువను వదిలి మొత్తం వరుసను చూడండి. నిజమైన దశాంశాలైతే చుక్క తర్వాతి రెండంకెలు 00 నుంచి 99 దాకా ఎక్కడైనా పడతాయి. నిమిషాలైతే ఒక్కసారి కూడా 59 దాటవు. వేర్వేరు చోట్లకు చెందిన ఇరవై విలువల్లో ఒక్కటీ 59 దాటలేదనుకోండి. అవి నిజంగా దశాంశాలై ఉండి కేవలం యాదృచ్ఛికంగా అలా పడే అవకాశం సుమారు 27 వేలలో ఒక వంతు. తర్వాతి రెండంకెలు కూడా 59 లోపే ఆగుతుంటే ఇక అవి నిమిషాలూ సెకన్లే. చోట్లన్నీ ఒకే ఊరి చుట్టుపక్కలవైతే ఈ పరీక్ష పనికిరాదు, ఎందుకంటే మొదటి రెండంకెలు అన్నింటికీ దాదాపు ఒకేలా ఉంటాయి. అప్పుడు ఆ జాబితాలో మీకు బాగా తెలిసిన ఒక చోటును తీసుకుని మ్యాప్ మీద రెండు రకాలుగానూ పెట్టి చూడండి.

జీపీఎస్ పరికరం 4851.504 అని ఇస్తోంది. దీన్ని వందతో భాగించాలా?

వద్దు. ఇది జీపీఎస్ పరికరాలు డేటా పంపడానికి వాడే ఎన్ఎంఇఏ 0183 అనే పద్ధతి: డిగ్రీలు, నిమిషాలు మధ్యలో ఖాళీ లేకుండా అతుక్కుని వస్తాయి. 4851.504 అంటే 48 డిగ్రీల 51.504 నిమిషాలు. వందతో భాగిస్తే 48.51504 వస్తుంది, ఇక్కడా 38 కిలోమీటర్లు దారి తప్పినట్టే. జీపీఎస్ చిప్‌తో మొదటిసారి పనిచేసేవాళ్లు దాదాపుగా అందరూ తగులుకునే ముల్లు ఇది.

రేఖాంశంలో డిగ్రీలకు మూడంకెలు: 00217.670. స్ప్రెడ్‌షీట్‌లో పడగానే ముందున్న సున్నాలు పోయి 217.67 అవుతుంది, చూడ్డానికి 217 డిగ్రీలేమో అనిపిస్తుంది. ఎడమ నుంచి అంకెలు లెక్కపెడితే ఇలాంటివి చెడిపోతాయి. చుక్క దగ్గర మొదలుపెట్టి ఎడమకు రండి: చుక్కకు ముందున్న రెండంకెలు ఎప్పుడూ నిమిషాలే, ఇంకా ఎడమకు ఉన్నవి డిగ్రీలు. సున్నాలు పోయినా ఈ పద్ధతి తప్పదు. దిక్కు అక్షరం పక్క గడిలో విడిగా వస్తుంది, దాన్ని వదిలేయకండి.

విమానయానంలో కూడా అతుకు రాతే: 485130ఎన్0021740ఈ. ఇందులో సెకన్లు కూడా ఉంటాయి, అంకెల సంఖ్యను బట్టి విడగొట్టాలి.

ఫోటోలోని లొకేషన్ ఎందుకు తప్పు అర్ధగోళంలో చూపిస్తోంది?

ఫోటోతో పాటు కెమెరా ఫైలులో దాచే ఎగ్జిఫ్ సమాచారంలో డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు మూడు ప్లస్ సంఖ్యలుగా ఉంటాయి. దిక్కు వేరే గడిలో ఉంటుంది. ప్రోగ్రామ్ ఆ గడిని చదవకపోతే సిడ్నీలో తీసిన ఫోటో జపాన్‌కు తూర్పున పసిఫిక్ సముద్రంలో పడుతుంది, న్యూయార్క్‌లో తీసింది కిర్గిజ్‌స్తాన్‌లో. ఉత్తరం, తూర్పు రెండూ ప్లస్ అయిన ప్రాంతాల్లోనే పరీక్షించే బృందాలకు ఈ తప్పు అసలు కనిపించదు. ఉత్తరం-తూర్పు, ఉత్తరం-పడమర, దక్షిణం-తూర్పు, దక్షిణం-పడమర నాలుగు భాగాల నుంచీ ఒక్కో ఫోటో తీసుకుని చూడండి.

48,8584 అని కామాతో వస్తే?

ఫ్రాన్స్, జర్మనీ సహా ఎన్నో దేశాల్లో దశాంశానికి చుక్క బదులు కామా పెడతారు. ఒక్కో విలువ ఒక్కో గడిలో ఉంటే కామాను చుక్కగా చదివేయవచ్చు. రెండూ ఒకే గడిలో ఉంటే తిప్పలు: 48,8584, 2,2945లో మూడు కామాలున్నాయి, వెనక ఖాళీ ఉన్న మధ్య కామానే విడదీసేది. ఖాళీ కూడా లేకుండా 48,8584,2,2945 అని వచ్చినా, నాలుగు ముక్కలున్నాయి కాబట్టి రెండేసి జతలుగా అర్థం చేసుకోవచ్చు. మూడు ముక్కలుంటే మాత్రం అడగాల్సిందే, మూడోది ఎత్తు కూడా కావచ్చు.

దీనికి తిరగేసిన కేసు ఇంకా ప్రమాదం. కామా దశాంశంగానూ, చుక్క వేలను విడదీసే గుర్తుగానూ ఉన్న కంప్యూటర్‌లో ఎక్సెల్ 48.858ను 48858 చేసేస్తుంది.

డిగ్రీ గుర్తు సరిగ్గానే పెట్టాను, అయినా తప్పంటోంది. ఎందుకు?

మీరు పెట్టింది డిగ్రీ గుర్తు కాకపోవచ్చు. అచ్చం అలాగే కనిపించే గుర్తులు ఇంకో రెండున్నాయి: స్పానిష్ కీబోర్డులో ఉండే పైసున్నా º, ఉచ్చారణ గుర్తుగా వాడే చిన్న వలయం ˚. కంటికి తేడా తెలియదు, కంప్యూటర్‌కు మూడూ వేరు. నిమిషాలకు అసలు గుర్తు ′, సెకన్లకు ″. జనం టైప్ చేసేది మామూలు కొటేషన్ గుర్తు. వర్డ్‌లో రాస్తే అది వంకర కొటేషన్‌గా మారిపోతుంది. కొందరు సెకన్లకు ఒంటి గుర్తునే రెండుసార్లు కొడతారు. ఇవన్నీ తీసుకోవాలి.

మైనస్‌కూ ఇదే గొడవ. కీబోర్డులోని చిన్న గీత, గణితంలోని అసలు మైనస్, పుస్తకాల్లోని పొడవు గీత మూడు వేర్వేరు అక్షరాలు. పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే అసలు మైనస్ వస్తుంది, చాలా ప్రోగ్రాములు దాన్ని సంఖ్యలో భాగంగా గుర్తించవు. తప్పని చెబితే ఫరవాలేదు. కొన్ని దాన్ని చెత్తగా భావించి తీసేసి, మిగిలిన సంఖ్యను ప్లస్‌గా నిల్వ చేస్తాయి. అది దారుణం. తెలియని అక్షరాన్ని ఎప్పుడూ ఊరికే తుడిచేయకూడదు.

వెబ్ పేజీల నుంచి కాపీ చేసినప్పుడు కంటికి కనిపించని అక్షరాలు కూడా అంటుకుని వస్తాయి: విడిపోని ఖాళీ, రాత దిశను చెప్పే గుర్తు. వీటిని మాత్రం నిశ్చింతగా తీసేయవచ్చు, వీటికి విలువలో పాత్ర లేదు.

ఫోన్‌లో మైనస్ గుర్తు కనిపించడం లేదు

ఫారం తయారుచేసినవాళ్లు దశాంశ కీప్యాడ్ అడిగి ఉంటారు. ఐఫోన్‌లో ఆ కీప్యాడ్‌లో అంకెలూ, దశాంశ గుర్తూ తప్ప మైనస్ ఉండదు. అంటే పడమర, దక్షిణాల వాళ్లు తమ చోటు రాయనే లేరు! మామూలు కీబోర్డు ఇవ్వండి, లేదా పక్కన దిక్కు ఎంచుకునే మీట పెట్టండి. బ్రౌజర్‌లో "సంఖ్య" రకం గడి కూడా వద్దు, డిగ్రీ గుర్తున్న ముక్కను అది పేస్ట్ చేయనివ్వదు. మామూలు అక్షరాల గడే ఇవ్వండి.

ఎక్సెల్‌లో సులువుగా మార్చే దారి ఉందా?

ఉంది. 48:51:30 అని టైప్ చేస్తే ఎక్సెల్ దాన్ని 48 గంటల 51 నిమిషాల 30 సెకన్లుగా తీసుకుంటుంది. దాన్ని 24తో గుణించి, గడి రూపాన్ని సంఖ్యగా మారిస్తే 48.8583 వస్తుంది. దక్షిణ, పశ్చిమ విలువలను మైనస్ లేకుండా మార్చి, ఆఖర్న -1తో గుణించండి. ఎక్సెల్‌కున్న ఈ మార్చే అలవాటు మీరు కోరకుండా పనిచేస్తే డేటా పాడవుతుంది. బయటి నుంచి వచ్చిన ఫైలును తెరిచేముందు ఆ వరుసలను "టెక్స్ట్"గా దిగుమతి చేసుకోండి.

చుక్క తర్వాత ఎన్ని అంకెలు ఉంచాలి?

ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కిలోమీటర్లు. కాబట్టి నాలుగో అంకె 11 మీటర్లు, ఐదోది 1.1 మీటరు, ఆరోది 11 సెంటీమీటర్లు. ఆకాశం బాగా కనిపించే చోట మామూలు ఫోన్ జీపీఎస్ సుమారు ఐదు మీటర్ల వరకే నిక్కచ్చి. ఆరు అంకెలు దాదాపు అన్ని పనులకూ సరిపోతాయి. పదిహేను అంకెలు కనిపిస్తే అది కొలత కాదు, భాగహారం మిగిల్చిన తోక. సెకన్ల రూపంలో ఒక సెకను దాదాపు 31 మీటర్లు, అందుకని సెకన్లకు కనీసం ఒక దశాంశం ఉంచండి.

రేఖాంశం దూరం మాత్రం ధ్రువాల వైపు పోయేకొద్దీ తగ్గుతుంది, 60 డిగ్రీల అక్షాంశం దగ్గర సగమే.

మార్చాక 48° 59′ 60.0″ అని వచ్చింది. ఇది సరైనదేనా?

కాదు. 59.97 సెకన్లను ఒక దశాంశానికి కుదించినప్పుడు 60.0 అయి, ఆ అరవై నిమిషంలోకి వెళ్లకుండా ఉండిపోయింది. 49° 0′ 0.0″ అని ఉండాలి. ముందు మొత్తాన్ని సెకన్లలోకి మార్చి, కుదించి, ఆ తర్వాత విడగొడితే ఈ చిక్కు రాదు.

రేఖాంశం 285.9555 అని ఉంది. 180 దాటొచ్చా?

వాతావరణ డేటాలో రేఖాంశాన్ని 0 నుంచి 360 దాకా తూర్పుకే లెక్కపెట్టడం మామూలు. 360 తీసేస్తే -74.0445, మన స్వేచ్ఛా విగ్రహమే. డేటా అలాంటిదని తెలిస్తే మార్చుకోండి. మనిషి చేత్తో నింపిన ఫారంలో వస్తే మాత్రం అడగండి, చుక్క తప్పు చోట పడి ఉండవచ్చు. అక్షాంశం 90 దాటితే ఏ సర్దుబాటూ లేదు, తప్పే.

ఆఫ్రికా పక్కన సముద్రంలో మా బిందువులు కుప్పగా ఎందుకున్నాయి?

అది 0, 0. గినియా సింధుశాఖలో భూమధ్యరేఖ, గ్రీనిచ్ రేఖ కలిసే నీళ్లు. మ్యాపుల వాళ్లు నల్ ఐలాండ్ అని పిలుచుకునే లేని దీవి. ఖాళీగా వదిలిన గడిని ప్రోగ్రామ్ సున్నాగా మార్చినప్పుడు బిందువులు అక్కడ చేరతాయి. జావాస్క్రిప్ట్‌లో ఖాళీ అక్షరమాలను సంఖ్యగా మారిస్తే వచ్చేది సున్నాయే. ఖాళీని ఖాళీగానే ఉంచండి. దీనికి విరుగుడుగా "సున్నా అయితే విలువ లేనట్టే" అని రాసేవాళ్లూ ఉన్నారు, దాంతో సరిగ్గా భూమధ్యరేఖ మీదున్న నిజమైన చోట్లు పోతాయి. రెండూ సున్నాలైతేనే అనుమానించండి.

అన్నీ సరిగ్గా రాసినా వంద మీటర్లు పక్కకు పడుతోంది

అది రాసిన రూపం తప్పు కాదు, డేటమ్ తేడా. అక్షాంశ రేఖాంశాలు భూమి ఆకారానికి ఒక నమూనా అనుకుని చేసిన కొలతలు. నమూనా మారితే అంకెలూ మారతాయి. ఆ నమూనానే డేటమ్ అంటారు. జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్ 84 అనే డేటమ్. 1884లో వాషింగ్టన్‌లో జరిగిన సమావేశం గ్రీనిచ్ అబ్జర్వేటరీ గుండా వెళ్లే రేఖను సున్నాగా ఎంచుకుంది. ఇవాళ ఫోన్ పట్టుకుని ఆ రేఖ మీద నిలబడితే సున్నా చూపించదు, ఇంకో 102 మీటర్లు తూర్పుకు నడవాలి. జపాన్ 2002లో పాత టోక్యో డేటమ్ వదిలినప్పుడు టోక్యో దగ్గర తేడా దాదాపు 450 మీటర్లు. ఫ్రాన్స్ పాత మ్యాపుల్లోనైతే వృత్తానికి 400 గ్రేడ్లు, సున్నా పారిస్ గుండా! పాత మ్యాప్ నుంచి అంకెలు ఎత్తి రాసేటప్పుడు దాని అంచున ముద్రించిన డేటమ్ పేరును కూడా రాసుకోండి.

యూటీఎం అంకెలో, ప్లస్ కోడో పేస్ట్ చేస్తే?

అవి అక్షాంశ రేఖాంశాలు కావు, వేరే గ్రిడ్ పద్ధతులు. మార్చే సౌకర్యం లేకపోతే "ఇది యూటీఎంలా ఉంది, మేం తీసుకోలేం" అని పేరు పెట్టి చెప్పండి. "చెల్లని విలువ" అని మాత్రం అనకండి, ఎదుటివాళ్లు రాసింది వాళ్ల పద్ధతిలో చెల్లేదే.

డేటాబేస్‌లో ఏ రూపంలో దాచాలి?

దశాంశ డిగ్రీల్లో, గుర్తుతో, అక్షాంశం ఒక గడిలో, రేఖాంశం ఇంకో గడిలో. చుక్కకు ముందు మూడు, తర్వాత ఆరు అంకెలు పట్టే దశాంశ రకం సరిపోతుంది, డబుల్ రకమూ మంచిదే. 32 బిట్ల ఫ్లోట్ వద్దు, 180 డిగ్రీల దగ్గర దాని ఒక్కో అడుగు సుమారు 1.7 మీటర్లు. వీటి పక్కనే మనిషి రాసిన అసలు ముక్కను ఉన్నదున్నట్టు దాచండి. మార్చే పద్ధతిలో తప్పుందని ఏడాది తర్వాత తెలిసినా, అసలు ఉంటే అన్నీ సరిచేసుకోవచ్చు. లేకపోతే 48.51504 అనే విలువ మొదటి నుంచీ అంతేనా, వందతో భాగించడం వల్ల వచ్చిందా అన్నది ఎవరూ చెప్పలేరు.

నింపినవాళ్లకు ఏం చూపించాలి?

మ్యాప్ మీద ఒక గుర్తు, పక్కన మీరు అర్థం చేసుకున్న విలువ. "33° 51′ 24.5″ దక్షిణం, 151° 12′ 55.1″ తూర్పు, సిడ్నీ, ఆస్ట్రేలియా" అని తిరిగి చదివి వినిపిస్తే, రాసినవాళ్లు తప్పును రెండు క్షణాల్లో పట్టేస్తారు. అంకెలను అంకెలుగానే చూపిస్తే ఎవరి కళ్లకూ ఆనవు. తప్పు చెప్పేటప్పుడు కూడా ఏ సంఖ్య, ఎందుకు అన్నది చెప్పండి: "నిమిషాలు 75 ఉన్నాయి, 60 లోపు ఉండాలి." రాసిన ముక్కను గడిలోంచి చెరిపేయకండి, వాళ్లు మళ్లీ మొదటి నుంచి టైప్ చేయాల్సి వస్తుంది.

ఎవరికైనా ఒక చోటు పంపాలంటే ఎలా రాస్తే మంచిది?

దశాంశ డిగ్రీల్లో, అక్షాంశం ముందు, మామూలు చుక్క, కామా తర్వాత ఒక ఖాళీ, ఐదారు దశాంశాలు: -33.85680, 151.21530. ఫోన్లో చదివి చెప్పాల్సి వస్తే మైనస్ అనకండి, వినిపించకపోవచ్చు. "దక్షిణం ముప్పై మూడు" అని దిక్కు పేరుతో మొదలుపెట్టండి. యంత్రం నుంచి యంత్రానికైతే ఐఎస్ఓ 6709 రాత భేషైనది: -33.8568+151.2153/. అందులో గుర్తులు తప్పనిసరి, కామా అక్కర్లేదు, చివర గీత. ఏ రూపంలో పంపినా పక్కన చోటు పేరు ఒక్క మాట రాయండి, అంకె తారుమారైతే అందుకున్నవాళ్లు పేరును చూసి పట్టుకుంటారు.